ఈనని చేను

వరి కాండాన్ని తొలిచే మొవ్వు పురుగుకి ఉన్న ఆస్తల్లా రెండు దవడలు. అవి పోతే ఇక అది బతకలేదు. అలా దవడలు అరిగి మొద్దుబారిన పురుగును సువార్త మైక్రోస్కోపు కింద చూపించిన రోజున పరిశోధన కేంద్రంలో అందరికీ మిఠాయి పంచారు. ఆ పురుగు ఆరు రోజులపాటు ఒకే వరి దుబ్బు మీద పైకీ కిందకీ తిరిగింది. కొరికిన చోటల్లా గీత పడింది గాని కన్నం పడలేదు. ఏడో రోజున పచ్చటి కాండాన్ని కరుచుకునే ఆకలితో చచ్చిపోయింది. చుట్టూ తిండే, అయినా ఒక్క ముద్ద నోట్లోకి పోలేదు. పురుగు మీద జాలిపడే తీరిక అప్పుడు ఎవరికీ లేదు. సువార్తకి అసలే లేదు, అది ఆమె పదకొండేళ్ళ కష్టం.

వరికి మట్టిలోని సిలికాను పీల్చుకునే గుణం పుట్టుకతోనే ఉంది. ఇసుకలో ఉండేదీ, గాజుకి మూలమైనదీ అదే. చేలో నడిచేటప్పుడు ఆకు అంచు చర్మాన్ని గీరేది దానివల్లే. కాకపోతే మట్టిలో ఎంత ఉన్నా వేరుకి అందేది కాస్తే. సువార్త పెంచిన సూక్ష్మజీవి వేరు పక్కన కాపురం పెట్టి, సిలికాను కరిగించి వేరు నోటికి అందిస్తుంది. విత్తనాలను ఒక పూట అది కలిపిన నీళ్ళలో నానబెడితే చాలు. మొక్క తన చర్మం కింద తనే పలచటి గాజుపొర కట్టుకుంటుంది. పురుగు కొరకలేదు, దోమ రసం పీల్చలేదు, అగ్గితెగులు లోపలికి దిగలేదు. మందు డబ్బా భుజాన వేసుకునే పని లేదు. కేంద్రం అధిపతి పురుషోత్తం గారు దానికి ‘కవచం’ అని పేరు పెట్టారు. ఆయనకి పేర్లు పెట్టడం సరదా.

ల్యాబులో ట్రేలలోనూ కుండీల్లోనూ కవచం చక్కగా పండింది. ఇక మిగిలింది చేలో పండించి చూపించడం. కాలువ అవతల ఒక ఎకరం ఎంచి, చుట్టూ నిలువెత్తు ఇనప వల కట్టించి, ఒకే ఒక గేటు పెట్టించారు. దాళ్వాలో, అంటే రెండో పంటకి, ఇక్కడ పండితే, జూన్లో మొదలయ్యే సార్వా పంటకి లక్షన్నర ఎకరాలకి కవచం పొట్లాలు వెళ్ళిపోతాయి. పొట్లాల మీద వేయవలసిన బొమ్మ కూడా సిద్ధమైపోయింది.

ఆ ఎకరానికి ఆకుమడిలో నారు పోసి, పెరిగాక పీకి చేలో ఊడ్చడానికి వచ్చిన ఆడకూలీల ముఠాకి మేస్త్రి మార్తమ్మ. సువార్తకి కన్నతల్లి. కూతురు డాక్టరైనా, కేంద్రంలో క్వార్టరు ఇచ్చినా, ఆమె పేటలోనే ఉంది. ఊడ్పుల రోజుల్లో ఇంట్లో కూర్చుంటే తనకి నడుం నొప్పి వస్తుందనేది. నిజంగానే వచ్చేది.

గేటు పక్కన బోర్డు చూసి ఆగిపోయింది. “దీని మీద ఏం రాసేరే?”

“నా పేరమ్మా.”

“ఏదీ, ఏలెట్టి సూపించు.”

సువార్త నవ్వుతూ మూడక్షరాలూ వేలితో చూపించింది. మార్తమ్మకి అక్షరమ్ముక్క రాదు. ఆ మూడింటి మీదా ఒక్కొక్కదానిమీద వేలు పెట్టి, ముగ్గు నేర్చుకుంటున్నదానిలా రెండు మూడుసార్లు తిప్పింది. “మొదటిది వంకీ తిరిగింది, నడిమిదానికి పక్కన కొమ్ముంది, ఆకరిదానికి కింద ఏలాడతంది. ఇంక మర్చిపోను,” అంది. తరవాత ముఠాలో దీనమ్మనీ మిగతావాళ్ళనీ పిలిచి, “ఇది మా పిల్ల చేను” అని చూపించింది. కేంద్రం చేను అని సువార్త ఎంత చెప్పినా చెవిన పెట్టలేదు.

“అమ్మా, జాగ్రత్తగా విను. ఆకుమడిలో ఎరువు వెయ్యకూడదు. మందు కొట్టకూడదు. నీళ్ళు నేను చెప్పినన్ని. అంతే.”

“ఎరువేత్తానా, మందు కొడతానా? నేనేమన్నా కొత్తదాన్నా,” అని మార్తమ్మ చీర కుచ్చెళ్ళు ఎగదోపింది.

మాట తప్పలేదు. ఎరువు వేయలేదు, మందు కొట్టలేదు.

*

సంక్రాంతి దాటిన పదిహేను రోజులకి, కలుపు తీసేటప్పుడు మొదటి కబురు వచ్చింది. మార్తమ్మ ఫోను చేసింది.

“అమ్మాయ్, ఆకు కోసేత్తందే. దీనమ్మకి మోచేతులదాకా గీతలే.”

“కవచం పట్టిందమ్మా. కొంచెం పదునుంటుంది. చేతితొడుగులు పంపిస్తాను.”

తొడుగులు పంపింది. పూట గడవకుండా అవి పీలికలైపోయాయి. ముఠావాళ్ళు వాటిని గట్టు మీద పారేసి, వట్టి చేతులతోనే కలుపు తీశారు. చేలో దిగినవాళ్ళకి కలుపు మధ్యలో వదిలేసి రావడం చేతకాదు. సువార్త నోటు పుస్తకంలో ‘మొవ్వు పురుగు సున్నా, దోమ సున్నా, అగ్గితెగులు సున్నా’ అని రాసుకుని కింద రెండు గీతలు గీసింది. మోచేతుల మాట అందులో రాయడానికి గడి లేదు.

వారం తరవాత మళ్ళీ ఫోను.

“రేసను బియ్యం బండి కాడ నా ఏలిముద్ర పడలేదే. మిసను కుయ్యి కుయ్యిమంటంది. పది మందిలో నామర్దా అయిపోయింది.”

“చేతులు సబ్బుతో కడుక్కుని మళ్ళీ పెట్టమ్మా,” అంది సువార్త, ఆ పూట వచ్చిన అంకెలు చూసుకుంటూ.

కడుక్కునే పెట్టాననీ, రెండుసార్లు పెట్టాననీ మార్తమ్మ చెప్పబోయింది. ఈలోగా సువార్త ఫోను పెట్టేసింది. ఆ తరవాత తను అన్న ఆ సబ్బు మాట గుర్తొచ్చినప్పుడల్లా సువార్తకి తనని తను కొట్టుకోవాలనిపించేది. అప్పుడు మాత్రం ఏమీ అనిపించలేదు.

*

చేను పొట్టకొచ్చింది. ఆకుల మధ్య కాండాలు ఉబ్బి, లోపల కంకి కదులుతున్నట్టు కనిపించే రోజులవి. వారంలో పొట్ట విచ్చుకుని కంకి బయటపడాలి, చేను ఈనాలి. పక్క చేలన్నీ ఈనాయి. గాలి వీస్తే వాటి కంకులు తలలూపుతున్నాయి. ఈ ఎకరం మాత్రం ఊగలేదు. గాలి వచ్చినప్పుడల్లా గోడ మీద గాజుపెంకులు రాసుకున్నట్టు ఒక చప్పుడు చేసి ఊరుకునేది.

పది రోజులు గడిచాయి. కంకి ఒక్కటి కూడా బయటికి రాలేదు. సువార్త ఒక దుబ్బు కోయించి బల్లమీద పెట్టి చీల్చింది. కత్తెర అంచు విరిగింది. చివరికి ఇనప పని చేసేవాళ్ళ దగ్గరి రంపం తెప్పించింది. లోపల కంకి ఉంది. పాలుపోసుకోవలసిన గింజలన్నీ ఉన్నాయి. పైకి రావాలని నెట్టి నెట్టి, దారి లేక, మెలి తిరిగి మడతపడి ఉంది. పురుగుని లోపలికి రానివ్వని గోడే కంకిని బయటికి పోనివ్వలేదు.

ఆకులో సిలికా ఎంతుందో కొలిచింది. కుండీల్లో ఉన్నదానికి మూడింతలుంది. మట్టి చూసింది, కాలువ నీళ్ళు చూసింది, విత్తనం చూసింది. అన్నీ ఎలా ఉండాలో అలాగే ఉన్నాయి. సిలికా ఎక్కడినుంచో అదనంగా అందింది, మొక్క పసిగా ఉన్నప్పుడే అందింది. అది ఎక్కడిదో ఆమెకి అంతుపట్టలేదు.

హైదరాబాద్‌లో మూడు రోజుల సమావేశం. కవచం విడుదల గురించే. వెళ్ళే ముందు తల్లికి ఫోను చేసి, ఎవరితోనూ అననిమాట అనేసింది.

“చేను ఈనలేదమ్మా. ఈనకపోతే నా పని అయిపోయినట్టే.”

“ఎందుకీనదే, ఈనుతాది. నువ్వెల్లిరా,” అంది మార్తమ్మ.

*

నాలుగో రోజు పొద్దున్న సువార్త స్టేషనునుంచి తిన్నగా చేను దగ్గరికే వచ్చింది. గేటు తాళం తీసి ఉంది. ఎకరం నడుమ, నడుం లోతు ఆకుల మధ్య, తలకి గుడ్డ చుట్టుకుని తల్లి వంగి ఉంది.

“అమ్మా!”

మార్తమ్మ తలెత్తి, “లోపలికి రాకు. కోసుకుంటాయి,” అని అరిచింది. మళ్ళీ వంగింది.

ఆమె చేస్తున్న పని దగ్గరికి వెళ్తేగాని సువార్తకి బోధపడలేదు. ఒక్కొక్క కాండం దగ్గర కూర్చుని, పొట్ట మీద బొటనవేళ్ళు రెండూ ఆనించి, గోళ్ళతో చీలిక పట్టి, అటూ ఇటూ విప్పి, లోపలి కంకిని బయటికి లాగుతోంది. పురుడు పోసేవాళ్ళు తల పట్టుకున్నంత మెల్లిగా లాగుతోంది. అయ్యాక పక్కదానికి జరుగుతోంది. మూడు రోజులనుంచి తెల్లవారింది మొదలు పొద్దు గూకేదాకా అదే పని. అలా ఆరు వరసలు అయ్యాయి. విడిపించిన కంకులన్నీ ఎండకి తెల్లగా పాలిపోయి, గింజ పట్టని తాలుగా నిలబడ్డాయి.

“ఇవి కాస్త ఆలిస్సెం అయిపోయినియ్యే. అటేపు ఉన్నయ్యి ఇంకా పచ్చిగానే ఉన్నాయి. ఇద్దరం పడితే రేపటికి సగం—”

సువార్త ఆ చేతులు పట్టుకుంది. పట్టు దొరకలేదు, జారిపోయాయి. నెత్తురు పెద్దగా లేదు. సన్నటి గాట్లన్నిటిలోనూ తెల్లటి పొడి కూరుకుపోయి మూసుకుపోయాయి. వేళ్ళ కొసలు రాచి రాచి, పలక మీద గీతలన్నీ తుడిచేసినట్టు నున్నగా మెరుస్తున్నాయి. గోళ్ళు సగానికి అరిగాయి. సువార్త తల్లిని గట్టు మీదికి తీసుకొచ్చి, అక్కడే కూలబడి ఏడ్చింది. ల్యాబులో మిఠాయి పంచిన రోజు గుర్తొచ్చింది.

“ఎందుకేడుత్తావే? నొప్పెట్టట్లేదు నాకు. అసలు సురుకే తెలవట్లేదు,” అంది మార్తమ్మ. అది ధైర్యం చెప్పడానికి అన్నమాట. సువార్తకి మరింత దుఃఖం వచ్చింది.

కాసేపటికి తల్లి తనలో తను అనుకుంటున్నట్టు అంది. “మడిలో పీకినప్పుడు ఆకు మాత్రం ఎంత బాగా వచ్చిందనీ. ఒక్క ఏరు తెగలేదు. ఎన్నలా సేతికొచ్చింది. మన పిల్ల చేనని పొయ్యిబూడిద రెండు గంపలు ఎక్కువే జల్లించేను.”

సువార్త ఏడుపు ఆగిపోయింది.

“ఏ బూడిద?”

“ఊకపొయ్యి బూడిదే. పేటంతా తిరిగి పోగుసేసేం. బూడిద జల్లకపోతే ఆకు ఎలాగొత్తాది? మన్ను పట్టేసి ఏళ్ళు తెగిపోవూ?”

వరి పొట్టు కాలిస్తే మిగిలేది దాదాపు అంతా సిలికాయే. ఆ సంగతి సువార్తకి ఒకటో పాఠం. ఆకుమడిలో బూడిద చల్లితే మట్టి గుల్లబారి నారు తేలిగ్గా ఊడివస్తుందన్నది అంతకంటే ముందు పాఠం. ఎనిమిదేళ్ళప్పుడు గంప నెత్తిన పెట్టుకుని, ముక్కులో బూడిద పోయి తుమ్ముతూ, ఈ గట్ల మీదే తల్లి వెనక నడిచింది. పదిహేడేళ్ళొచ్చేదాకా ప్రతి ఊడ్పులకీ నడిచింది. తరవాత చదువులో పడింది. ల్యాబు ట్రేలలో నారు పీకే పనే లేదు, రెండు వేళ్ళతో ఎత్తితే వచ్చేస్తుంది. అక్కడ బూడిదతో పనేముంది? ఎరువు వద్దంది, మందు వద్దంది. తల్లి దృష్టిలో బూడిద ఎరువూ కాదు, మందూ కాదు. అది ఆకు తీసేవాళ్ళ చేతుల సుఖం కోసం వేసేది. పిల్ల చేనని రెండు గంపలు ఎక్కువ వేసింది.

“ఏమే, తప్పా?” అంది మార్తమ్మ.

సువార్త తల్లిని గేటు దాటించి తాళం వేసింది.

*

పురుషోత్తం గారు చెడ్డమనిషి కాదు. అంతా విని, చాలాసేపు కిటికీలోంచి చూశారు.

“కారణం దొరికింది. మంచిదే అయింది,” అన్నారు. “చేను పాడైంది విత్తనం వల్ల కాదు, బూడిద వల్ల. ఈ ఎకరాన్ని లెక్కలోంచి తీసేద్దాం. కుండీల ఫలితాలు ఉన్నాయి కదా. పొట్లం మీద ‘నారుమడిలో బూడిద వేయరాదు’ అని ఒక వాక్యం వేయిద్దాం. మీ అమ్మగారి దగ్గర ఒక వాంగ్మూలం తీసుకుంటే సరి.”

“ఆ వాక్యం ఎవరు చదువుతారండీ? పొట్లం వచ్చేది రైతు చేతికి. బూడిద జల్లేది ఆకు తీసే ఆడవాళ్ళు. వాళ్ళలో చదువొచ్చినవాళ్ళు ఎంతమంది? వద్దని చెప్తే మాత్రం మానేస్తారా? బూడిద లేకపోతే రోజుకి సగం మడి కూడా తియ్యలేరు. లక్షన్నర ఎకరాలు ఇలాగే నిలబడిపోతాయి సార్. ప్రతి చేలోనూ ఎవరో ఒకరి చేతులు అరిగిపోతాయి.”

“మొన్న సార్వాలో దోమపోటు నువ్వూ చూశావు. కాలిపోయినట్టు పడిపోయిన చేలు. వాళ్ళకి ఏం చెప్పమంటావు, ఇంకో పదకొండేళ్ళు ఆగమనా?”

ఆ చేలు సువార్త చూసింది.

“పోనీ, ముందు ఆ ఎకరం తగలబెట్టించేద్దాం,” అన్నారాయన.

“తగలబెడితే మిగిలేది బూడిదే కదండీ,” అంది సువార్త. “అది కవచానికి తిండి. దున్నితే కుళ్ళదు, నాగలి కర్రు అరుగుతుంది. కోద్దామంటే కొడవలి ఆగదు. అది అక్కడే ఉంటుంది.”

ఆయన కుర్చీలో కూర్చున్నారు. గొంతు తగ్గించారు. “చూడమ్మా. విడుదల ఆపాలంటే కారణం రాయాలి. కారణం రాస్తే మీ అమ్మగారి పేరు రాయాలి. ఆ పేరు పడిందా, తప్పు ఆవిడది అవుతుంది, విత్తనానిది కాకుండా పోతుంది. అప్పుడు ఆపవలసిన పనే లేదంటారు పైవాళ్ళు. కారణం రాయకపోతే ఆపడానికి ఆధారమే లేదు. ఎటు తిప్పినా అక్కడికే వస్తావు. నీ ఉద్యోగం నిలబెట్టుకో. ఆవిడని ఎవరూ ఏమీ చెయ్యరు, నాది పూచీ. మహా అయితే ముఠాకి కేంద్రంలో పని ఉండదు.”

నలభై ఏళ్ళుగా ఆ ముఠాకి ఉన్న పని అదొక్కటే.

*

మర్నాడు మధ్యాహ్నం కేంద్రం జీపు పేటకి వెళ్ళి మార్తమ్మని తీసుకొచ్చింది. సువార్త తెల్లవారుజామునే వెళ్ళి, ముద్ర వేయవద్దని బతిమాలి వచ్చింది. అయినా ఆమె వచ్చింది. చర్చికి కట్టుకునే తెల్ల చీర కట్టుకుంది. వేళ్ళకి చుట్టిన పసుపు గుడ్డలు గుమ్మం దగ్గరే విప్పేసి నడుంలో దోపుకుంది.

“అమ్మా, నీకు చెప్పానా లేదా?”

“నాకేం పోద్దే? ఉజ్జోగమా సజ్జోగమా? ఒక్క ముద్దరేత్తే నువ్వు బయటపడతావన్నారు,” అంది మార్తమ్మ. బల్ల దగ్గర కాగితంతో కూర్చున్న గుమస్తా వైపు తిరిగి, “ఎక్కడెయ్యాలో సెప్పండి బాబూ,” అంది.

గుమస్తా కాగితం చదివి వినిపించాడు. ‘సూచనలకు విరుద్ధంగా, ఎవరి అనుమతీ లేకుండా, నా స్వంత నిర్ణయంతో నారుమడిలో బూడిద కలిపితిని.’ మార్తమ్మ ప్రతిమాటకీ తలూపింది. ఎడమ బొటనవేలు ఇంకు ప్యాడు మీద అద్ది కాగితం మీద నొక్కింది.

నల్లటి మచ్చ పడింది. అందులో గీతలు లేవు.

“మళ్ళీ వెయ్యమ్మా. మెల్లిగా.”

మళ్ళీ వేసింది. కుడి బొటనవేలు వేసింది. చూపుడు వేలు వేసింది. గుమస్తా ఆమె చెయ్యి తనే పట్టుకుని ఒక్కొక్క వేలూ అటూ ఇటూ దొర్లించి చూశాడు. పది వేళ్ళూ అయిపోయాయి. కాగితం కింద పది మచ్చలు పడ్డాయి. ఏ మచ్చా ఏ మనిషిదీ కాదు.

“ఇది చెల్లదండి,” అన్నాడు గుమస్తా. పురుషోత్తం గారు నుదురు పట్టుకున్నారు.

మార్తమ్మ తన చేతులు తిప్పి చూసుకుంది. అంతవరకూ ఎవరిముందూ తగ్గని మనిషి, కూతురి ముందు తల దించుకుంది.

“ఈ సేతులు ఆకరికి నీ పనిక్కూడా రాలేదే,” అంది.

సువార్త ఆ కాగితాన్ని తన ముందుకి లాక్కుంది. వెనక్కి తిప్పింది. కలం తీసుకుని నిలబడే రాసింది. గోదావరి చేలల్లో ప్రతి ఆకుమడిలోనూ బూడిద చల్లుతారని తనకి తెలుసుననీ, పదిహేడేళ్ళు వచ్చేదాకా తనూ చల్లిందనీ, సూచనలు రాసేటప్పుడు ఆ సంగతి మరిచిపోయిందనీ రాసింది. పొట్లం మీది వాక్యం ఈ అలవాటుని ఆపలేదనీ, బూడిద తిన్న కవచం పొట్ట దశలో కంకిని లోపలే చంపుతుందనీ, ముట్టుకున్న చేతులని అరగదీస్తుందనీ రాసింది. తప్పు ముఠాది కాదు, తనది అని రాసింది. కింద పేరు రాసింది.

పురుషోత్తం గారు చదివారు. “ఇది పైకి వెళ్తే కవచం ఆగిపోతుంది. నువ్వూ ఆగిపోతావు. ఇంకెక్కడా నీకు ఇంత చేను ఇవ్వరు.”

“తెలుసండి.”

ఆయన కాగితాన్ని బల్లమీద పెట్టి, కళ్ళద్దాలు తీసి దాని పక్కన పెట్టారు. చించలేదు, తీసుకోనూ లేదు.

“ఏం రాసేవే?” అంటూ మార్తమ్మ వంగి చూసింది. వరసలన్నీ ఆమెకి ఒకటే గజిబిజి. అన్నిటికంటే కింద మాత్రం చూపు ఆగిపోయింది. వంకీ తిరిగింది, పక్కన కొమ్ముంది, కింద వేలాడుతోంది.

“ఇది నీ పేరు కదే? నీ పేరెందుకే ఇక్కడ?”

సువార్త కలానికి మూత పెట్టింది.

“నాది పడకపోతే నీదెట్టేత్తావా? తీసెయ్యి. బాబూ, తీసెయ్యమనండి,” అంటూనే మార్తమ్మ బొటనవేలు ఆ మూడక్షరాల మీద పెట్టి తుడవడం మొదలుపెట్టింది. ఆ వేలికి ఇంకా ప్యాడు ఇంకు ఉంది. పేరు మీద నల్లటి మరక పరుచుకుంది, ఒక్క గీత లేకుండా నున్నగా. దాని కిందనుంచి అక్షరాలు కనిపిస్తూనే ఉన్నాయి. ఆమె ఇంకా రుద్దుతూనే ఉంది.